ఇప్పచెట్టు మీది వాండా

9 మే 1982, ఆదివారం

ఈ రోజు మొదటి వింత: మట్టి ముట్టకుండా పూసిన పూలు.

లలితాంబ పిన్నిగారి పెరట్లో ఇప్పచెట్టు ఉంది. దాని కొమ్మల సందున పట్టీల్లాంటి ఆకుల గుత్తి ఒకటి దసరా నుంచి చూస్తూనే ఉన్నాను. పిచ్చిమొక్క అనుకున్నాను. ఈ ఉదయం పుస్తకం తిరిగి ఇద్దామని వెళితే అందులోంచి ఒక కాడ వంగి ఉంది, కాడకి ఏడు పూలు. గోధుమరంగు రేకుల మీద గళ్లు, ఎవరో పెన్సిలుతో ఓపిగ్గా గీసినట్టు. మధ్యలో ఊదారంగు పెదవి. పెదవి అన్నది పిన్నిగారి మాట. పువ్వుకి పెదవి ఉంటుందని తెలిశాక ఆ పూట ఇంకేమీ చదవలేకపోయాను.

దాని పేరు వాండా. ఆర్కిడ్ జాతి. వేళ్లు తెల్లగా, లావుగా, బెరడుని పట్టుకుని గాలిలో వేలాడుతున్నాయి. చెట్టు నుంచి ఏమీ తీసుకోదట. కూర్చుంటుంది, అంతే.

రెండో సంగతి వింత కాదు. మురళీధర్ బాబాయిగారికి ఈ భిలాయ్ ప్లాంటు నుంచి విశాఖపట్నం బదిలీ అయింది, అక్కడ కొత్తగా కడుతున్న స్టీలు ప్లాంటుకి. జూన్ 6న లారీ వస్తుంది. నాకు తెలుగు రాయడం నేర్పినది పిన్నిగారే. పెళ్లికి ముందు విశాఖలో కాలేజీలో బోటనీ చెప్పేవారు. 'నీ తెలుగు హిందీలా నడుస్తోంది, రోజూ కొంచెం రాయి' అని ఈ నోట్‌బుక్కు కూడా ఆవిడే ఇచ్చారు.

నాలుగేళ్ల కింద దల్లీ రాజహరా ఇనుప గనుల దారిలో నరికేసిన చెట్టు మీద ఈ వాండా దొరికిందట. తెచ్చి ఇక్కడ కట్టారు. ఏటా పూస్తోంది. ఇంతవరకూ ఒక్క కాయ పట్టలేదు.

"దీని పుప్పొడి మోసే జీవి ఇక్కడ లేదేమో" అన్నారు పిన్నిగారు. "కాయ కాయని చోట దీన్ని వదిలి వెళ్లను. తీసుకుపోయి మా కాలేజీ తోటలో కట్టిస్తాను. అక్కడ దీని జాతివి ఇంకా ఉన్నాయి. ఈలోగా ఒక్క కాయ పట్టినా సరే, ఇక్కడే ఉంచేస్తాను."

నేను కాపలా కాస్తానన్నాను. సెలవులేగా.

ఇది ఇక్కడే ఉండాలి. పిన్నిగారు ఎలాగూ వెళ్లిపోతారు.

10 మే, సోమవారం

కాపలా నియమాలు పిన్నిగారు చెప్పినవి. ఆరింటికి రావాలి. ముందు పూలని కడగాలి. తర్వాత స్టూలు వేసుకుని తొమ్మిదింటి దాకా కదలకుండా కూర్చోవాలి. ఎవరు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు, ఏ పువ్వు మీద వాలారు, అన్నీ రాయాలి.

కడగడం ఎందుకని అడగలేదు. భిలాయ్‌లో పుట్టిన ఆడపిల్లకి మొదట వచ్చే పని తుడవడం. తీగ తుడవందే బట్ట ఆరెయ్యం. కిటికీ గట్టు పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి. మా అమ్మ తులసి ఆకులు కూడా తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తుంది. ప్లాంటు నుంచి ఎర్రటి సన్నదుమ్ము రాత్రంతా దిగుతూనే ఉంటుంది, తెల్లారేసరికి అన్నిటి మీదా ఒక పొర. పిన్నిగారు ఈ పూల కోసం హోలీ పిచికారీ ఒకటి దాచుకున్నారు. నాలుగేళ్లుగా పూసినన్నాళ్లూ రోజూ కడుగుతున్నారు. దుమ్ము కొట్టుకున్న పువ్వుని ఏ జీవి గుర్తుపడుతుంది అన్నారు.

కడిగాక నిజంగానే గళ్లు మెరిశాయి.

ఎవరూ రాలేదు.

11 మే, మంగళవారం

చీమలు పదకొండు. ఇవి లెక్కలోకి రావట. ఈగ ఒకటి.

నేర్చుకున్న మాట: మకరందం. ఈ మాట రాయడానికే ఇంకో వాక్యం రాయాలనిపిస్తోంది. మకరందం.

13 మే, గురువారం

మా నాయనమ్మ గున్నమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి పదేళ్లయినా ఇంకా అక్కడి కళ్లతోనే చూస్తుంది. నాతో పాటు వచ్చి, చెట్టు కింద నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఇది బదనిక గదే. సెట్టుని పీకతాది. మా ఊర్లో ఐతే కొడవలెట్టి కోసీసుందురు. నువ్వేటి, దానికి తానాలు సేయిస్తన్నావు?"

బదనిక చెట్టు రసం పీలుస్తుందనీ, ఇది పీల్చదనీ చెప్పాను. "కూకున్నోడు ఏటీ తినకుండా కూకుంటాడేటి" అని వెళ్లిపోయింది. కానీ వెళుతూ ఒక మాట చెప్పింది. వాళ్ల ఊళ్లో వాసాలకి కన్నాలు పెట్టే నల్ల తుమ్మెదలు ఇలాంటి వాసనగల పూలకి వస్తాయట. రాసుకున్నాను.

కడిగే ముందు చూస్తే రెండు పూల పెదవి మీద దుమ్ము మధ్యలో పలచగా ఉంది. గాలికి కాబోలు.

ఎవరూ రాలేదు.

14 మే, శుక్రవారం

మూడో పువ్వుకి టోపీ లేదు, పెదవి పైన తెల్లగా ఉండేది. నా పిచికారీ ధాటికే ఊడి ఉంటుంది. రేపటి నుంచి మెల్లగా కొట్టాలి. పిన్నిగారికి చెప్పలేదు.

15 మే, శనివారం

ఈ రోజు చాలా రాయాలి.

నిన్న రాసిన టోపీ ఏమిటో ఈ రోజు అర్థమైంది. పిన్నిగారు రాలిపోయిన పువ్వు ఒకటి బల్ల మీద పెట్టి గుండుసూదితో విప్పి చూపించారు. మామూలు పువ్వులో పుప్పొడి పొడిగా ఉంటుంది, వేలికి అంటుతుంది. ఇందులో పొడి లేదు. పెదవికి పైన చిన్న తెల్ల టోపీ. టోపీ కింద రెండు పసుపు ముద్దలు, ఆవగింజంత. రెండూ ఒకే కాడకి అతికి ఉన్నాయి. కాడ అడుగున జిగురు. వచ్చినవాడు తల లోపలికి దూర్చి వెనక్కి తీసేటప్పుడు టోపీ ఊడుతుంది, ముద్దలు వాడి ఒంటికి అంటుకుంటాయి. వాడు ఇంకో పువ్వులో దూరితే అక్కడ తడిగా ఒక గుంట ఉంటుంది, ముద్దలు అందులో దిగబడతాయి. అప్పుడు కాయ.

ఇది గాలి పని కాదు. చీమ మొయ్యలేదు. సీతాకోకచిలుక కాళ్లు పొడుగు, తగలదు. కొలత సరిపోయిన వాడొక్కడే మొయ్యాలి. తాళానికి ఒకటే చెవి ఉన్నట్టు. ఆ చెవి ఈ ఊళ్లో ఉందా అన్నదే ప్రశ్న.

ఇంకో సంగతి. పువ్వు వెనకాల సన్నటి గొట్టం ఉంది, మకరందం ఉండాల్సిన చోటు. వాసన కూడా తేనె వాసనే. పిన్నిగారు ఎన్ని పూలలో వెతికినా ఒక్క చుక్క దొరకలేదట.

అంటే పువ్వు అబద్ధం చెబుతోంది కదా అన్నాను.

పిన్నిగారు సూది తుడుచుకుంటూ అన్నారు. "పువ్వు ఏమీ చెప్పలేదుగా. వచ్చినవాడు అనుకున్నాడు."

18 మే, మంగళవారం

ఎవరూ రాలేదు.

19 మే, బుధవారం

వచ్చింది. ఏడూ పదికి. నల్లగా, నా బొటనవేలి గోరంత, రెక్కలు నీలంగా మెరుస్తూ. స్కూటర్ స్టార్టు కానప్పటి మోత. పూల చుట్టూ రెండుసార్లు తిరిగింది. తడి పెదవి దగ్గరికి వచ్చింది. వాలలేదు. గోడ అవతల పూసిన రేలచెట్టు మీదికి పోయింది.

పిన్నిగారు విని ఊరికే తల ఊపారు. నాలుగేళ్లుగా ఆవిడ చూస్తున్నదీ ఇదేనట. వస్తుంది, తిరుగుతుంది, పోతుంది. "మన తుమ్మెదకి ఇది కొత్త పువ్వు. తెలియదు" అన్నారు. హాల్లో మూడు చెక్కపెట్టెలు దించారు. ఒకదాని మీద నా తెలుగు వాచకం పెట్టి మర్చిపోయారు.

వడగాలి మొదలైంది. తొమ్మిదింటికే స్టూలు కాలుతోంది.

21 మే, శుక్రవారం

ఈ రోజు రాయడానికేమీ లేదు.

22 మే, శనివారం

నిన్నటి సంగతి. అది కేవలం పరీక్ష. కాయ పట్టే శక్తి అసలు ఈ మొక్కకి ఉందా లేదా అని ఎవరో ఒకరు చూడాలి కదా. లేకపోతే తుమ్మెద వచ్చినా లాభం ఏముంది? శాస్త్రంలో ఇలాంటివి చేస్తారని పిన్నిగారే చెప్పారు. గుండుసూది ఆవిడ బల్ల మీదదే. మూడే నిమిషాలు పట్టింది. ఐదో పువ్వు ముద్దలు తీసి రెండో పువ్వులో.

చెప్పాల్సిన సమయం వచ్చినప్పుడు చెబుతాను.

24 మే, సోమవారం

రెండో కాడ విచ్చుకుంది. ఐదు పూలు. కడిగాను. ఎవరూ రాలేదు.

27 మే, గురువారం

రెండో పువ్వు వాడిపోయింది. మిగతావి ఇంకా బాగానే ఉన్నాయి. పుప్పొడి అందిన పువ్వు తొందరగా వాడుతుందని పిన్నిగారు ఒకసారి చెప్పారు. పని అయిపోయిందిగా, ఇంక ఎవరి కోసం అలంకారం.

నాకు ఎందుకో గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు.

30 మే, ఆదివారం

పిన్నిగారే చూశారు. నేను చూపించలేదు. పంపు నీళ్లు వచ్చే వేళకి పెరట్లోకి వచ్చి, అలవాటుగా కాడ పట్టుకుని, ఆగిపోయారు. రెండో పువ్వు వెనకాల అండాశయం ఉబ్బింది. ఆకుపచ్చగా, అగ్గిపుల్ల లావు ఉండేది ఇప్పుడు పెన్సిలంత.

ఆవిడ నన్ను దగ్గరికి తీసుకున్నారు. ఎప్పుడూ అలా చెయ్యలేదు. బాబాయిగారిని పిలిచి చూపించారు. ఆయన కళ్లజోడు తెచ్చుకుని చూసి, అయితే ఒక పెట్టె తగ్గింది అన్నారు. మొక్క ఇక్కడే ఉంటుంది. తీర్మానమైపోయింది.

ఎవరు మోశారో ఆవిడ అడగలేదు. నేనేమీ చెప్పలేదు. పిన్నిగారు అనుకున్నారు.

31 మే, సోమవారం

నేనేమీ చెప్పలేదు కదా.

1 జూన్, మంగళవారం

పిన్నిగారు తన పాత ప్రొఫెసర్ గారికి ఉత్తరం రాశారు. నాకు చదివి వినిపించారు. ఎంత బాగా రాశారో. 'ఇనుప ధూళి కురిసే ఈ ఊళ్లో' అని మొదలైంది. మధ్యలో నా పేరు ఉంది. జ్ఞానప్రసూన అనే పదకొండో తరగతి విద్యార్థిని ఇరవై రోజులు ఎండలో కూర్చుని గమనించింది, అని. నా పూర్తి పేరు ఎవరైనా సిరాతో రాయడం స్కూలు రిజిస్టరులో తప్ప చూడలేదు.

ఒక చోట ఖాళీ వదిలారు. కలం పట్టుకుని నన్ను అడిగారు, పువ్వులో దూరిన జీవి ఏ రంగు, ఏ వేళ.

నల్లది అన్నాను. పొద్దున్నే అన్నాను.

ఆవిడ ఖాళీ నింపారు.

ఇంటికి వచ్చాక అన్నం తినలేదు. ఎండదెబ్బ అనుకుని అమ్మ ఉల్లిపాయ రసం రాసింది.

పువ్వు ఏమీ చెప్పలేదు. నేను చెప్పాను.

2 జూన్, బుధవారం

ఆరింటికి వెళ్లాను. పిచికారీ ముట్టుకోలేదు. తిన్నగా లోపలికి వెళ్లాను. పిన్నిగారు గాజు గ్లాసులు పాత పేపర్లలో చుడుతున్నారు. ఉత్తరం బల్ల మీద ఉంది, కవరులో పెట్టలేదు ఇంకా.

రాత్రంతా అందమైన వాక్యాలు తయారు చేసుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు.

"ముద్దలు నేనే పెట్టాను పిన్నిగారూ. గుండుసూదితో. ఇరవై ఒకటో తారీకున."

ఆవిడ చేతిలోని గ్లాసు చుట్టడం పూర్తి చేశారు.

"ఏ తుమ్మెదా రాలేదా?"

"తిరిగింది. దూరలేదు."

"నల్లది దూరింది అన్నావు."

"అన్నాను."

ఆవిడ ఇంకో గ్లాసు తీశారు. అదీ చుట్టాక మాట్లాడారు. సూదితో చెయ్యడం తప్పు కాదు, అడిగి ఉంటే నేనే సూది ఇచ్చి పక్కన నిలబడేదాన్ని, అన్నారు. ఈ మొక్క గొడ్డుది కాదని తెలిసింది, అది పనికొచ్చే సంగతే, అన్నారు. అంతా నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టే. తర్వాత ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, గ్లాసులో కుక్కి, ఆ గ్లాసుని కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టారు.

"తోటపని జగ్గయ్యకి కబురు పెడతాను. శనివారం మొక్కని తీసేస్తాడు."

నేను నిలబడే ఉన్నాను.

"ఇంటికెళ్లు ప్రసూనా. చాలా పనుంది నాకు."

3 జూన్, గురువారం

వెళ్లలేదు.

నాయనమ్మ అడిగింది, ఏటే నీ బదనిక్కి ఇయాల తానం లేదా అని. లేదన్నాను.

4 జూన్, శుక్రవారం

వెళ్లలేదు. పిన్నిగారి పనిమనిషి అప్పలనర్సమ్మ వీధిలో కనిపించింది. వంటిల్లు మొత్తం కట్టేశారట, పెరటి వైపు ఎవరూ తొంగి కూడా చూడటం లేదట.

ఇప్పుడు సాయంత్రం ఏడు. దీన్ని సరిగ్గా, ఒకటి తర్వాత ఒకటి రాయాలి.

నాన్న రైలుపట్టాల మిల్లులో మెయింటెనెన్సు ఫిట్టరు. ఈ రోజు కోపంగా వచ్చారు. భోజనం దగ్గర అమ్మతో చెబుతుంటే విన్నాను. కొత్తగా చేరిన ఫిట్టరు ఒకాయన, ఇన్‌స్పెక్షన్‌కి నాన్న వస్తున్నారని గేరుబాక్సు అంతా కిరోసిన్ గుడ్డతో శుభ్రంగా తుడిచి పెట్టాడట. సాఫ్ కర్ దియా భయ్యా అని గర్వంగా చూపించాడట.

"సూడకముందే తుడిసీసినాడు" అన్నారు నాన్న. "ఏ జాయింటు కాడ కారతందో దుమ్మే సెప్తది. ఏది దేనికి రాసుకుంటందో ఆ మెరుపే సెప్తది. తుడిసీసి పెళ్లికూతుర్ని సేసినాక నేనేటి సూడాల? ముందు సూడాలి, ఎనక తుడవాలి. పదిహేనేళ్ల బట్టీ ఇదే సెప్తన్నాను."

"తుడిస్తే కూడా తిట్టే ఫేక్టరీ ఏటిరా నాయినా" అంది నాయనమ్మ.

అమ్మ నవ్వింది. నేను ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

చెయ్యి కడుక్కుని ఈ నోట్‌బుక్కు వెనక్కి తిప్పాను. 13 మే: రెండు పూల పెదవి మీద దుమ్ము మధ్యలో పలచగా ఉంది, గాలికి కాబోలు. 14 మే: మూడో పువ్వుకి టోపీ లేదు, పిచికారీ ధాటికి.

గాలి అయితే పెదవి మధ్యలో మాత్రమే ఎలా ఊదుతుంది? పిచికారీ అయితే పక్క పువ్వు టోపీ ఎందుకు ఊడలేదు? ఆ రోజు కడగక ముందు టోపీ ఉందో లేదో నేను చూశానా?

చూడలేదు. రోజూ ముందు కడిగాను. తర్వాత చూశాను.

పిన్నిగారు కూడా. నాలుగేళ్లు.

నేను ఆరింటికి వెళుతున్నాను. తెల్లారేది ఐదున్నర లోపే, ఆ మధ్యలో ఎవరు వచ్చిపోయారో నాకు తెలియదు.

కానీ ఇదంతా నా కోరికే కావచ్చు. కోరిక ఉన్నప్పుడు నేను ఎలాంటిదాన్నో ఇప్పుడు నాకు తెలుసు. ఇప్పుడే పరిగెత్తుకెళ్లి చెబితే ఆవిడ ఎందుకు నమ్మాలి? జగ్గయ్య రేపు ఏడింటికి వస్తాడు. పూలు మూడు రాత్రులుగా ఎవరూ కడగలేదు. అవి ఏం చెబితే అది.

5 జూన్, శనివారం

ఆరింటికి కాస్త ముందే వెళ్లాను. ఏడింటికి రావాల్సిన జగ్గయ్య నాకంటే ముందున్నాడు. ఖుర్సీపార్ నుంచి సైకిలు మీద వచ్చాడు, నిచ్చెన చెట్టుకి ఆనించి బీడీ వెలిగించుకున్నాడు. పక్కన ఉలి, సుత్తి, తడి గోనెసంచి. వేళ్లు బెరడుని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, బెరడుతో పాటు చెక్కాల్సిందేనట.

పిన్నిగారు వరండాలో నిలబడి ఉన్నారు. నన్ను చూసి పలకరించలేదు, పొమ్మనలేదు.

నిచ్చెన ఒక్కసారి ఎక్కనివ్వమన్నాను. ముట్టుకోను అన్నాను. ఆవిడ సరేనన్నట్టు తల ఊపారు.

రెండో కాడ. ఐదు పూలూ నిండా ఎర్రదుమ్ము. గళ్లే కనబడవు, ఇటుకపొడి అద్దినట్టున్నాయి. మొదటిది, ఏమీ లేదు. రెండోది, ఏమీ లేదు. మూడోదాని పెదవి మీద దుమ్ము మధ్యలో నున్నగా తుడిచినట్టు ఒక చార, నా బొటనవేలి గోరంత వెడల్పు, లోపలి దాకా. పెదవికి రెండు పక్కలా సన్నటి గీతలు, కాళ్లతో పట్టుకున్నట్టు. టోపీ లేదు. ముద్దలు లేవు. నాలుగోదానికీ అదే చార. దాని టోపీ ఉంది. లోపల గుంటలో పసుపుగా రెండు ముద్దలు దిగబడి ఉన్నాయి.

నేను కిందికి దిగాను. పిన్నిగారి కోసం నిచ్చెన పట్టుకున్నాను. ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కారు.

ఆవిడ పైన ఎంతసేపు ఉన్నారో తెలియదు. జగ్గయ్య బీడీ అయిపోయింది.

దిగాక ఆవిడ అడిగిన మొదటి మాట, "నువ్వు పెట్టావా?"

"లేదు. బుధవారం నుంచి ఈ పెరట్లోకి రాలేదు."

ఆవిడ నా మొహం చూశారు. చాలాసేపు చూశారు. అంతసేపు చూడాల్సి వచ్చేలా చేసింది నేనే. నేను కళ్లు దించలేదు. తర్వాత నాన్న చెప్పినది చెప్పాను, గేరుబాక్సు సంగతి. నోట్‌బుక్కులో 13, 14 తారీకుల పేజీలు తీసి చూపించాను. మిగతా పేజీలు అరచేత్తో మూశాను.

పిన్నిగారు కట్టేసిన పెట్టె ఒకటి వరండాలో ఉంటే దాని మీద కూర్చున్నారు.

"నాలుగేళ్లు" అన్నారు. "వాడు వచ్చి పెట్టిపోయినది పెట్టినట్టే నేను కడిగేశాను. చేతులారా."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు, ఆ కొంగు వైపు చూసుకున్నారు, నవ్వారు. ఆ నవ్వులో నేను లేను. ఆవిడ ఒక్కరే ఉన్నారు.

"ఏటమ్మా" అన్నాడు జగ్గయ్య. "సెక్కమంటారా, ఒద్దంటారా? ఎండెక్కిపోతంది."

పిన్నిగారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. ఏం చూశావు?"

ఒక్క క్షణం నాలుక చివరికి వచ్చింది. నల్లది, పెద్దది, నీలం రెక్కలది. దాని మోత కూడా చెప్పగలను. చార వెడల్పు సరిగ్గా దానిదే.

"తుమ్మెదని చూడలేదు పిన్నిగారూ. చార చూశాను. ముద్దలు చూశాను. అంతే."

"అంతే" అన్నారు ఆవిడ కూడా. లేచి, జగ్గయ్యకి టీ ఇచ్చి పంపమని అప్పలనర్సమ్మకి చెప్పారు. జగ్గయ్య ఉలి గోనెలో చుట్టుకుంటూ, ఇన్నాళ్లూ చెట్లకి బదనికలు పీకించినవాళ్లనే చూశాను గానీ పీకొద్దని టీ పోసినవాళ్లని ఇదే చూడటం అని గొణిగాడు. టీ మాత్రం రెండుసార్లు తాగాడు.

తర్వాత మేమిద్దరం ఒక గంట మాట్లాడుకున్నాం. మాట్లాడినదంతా పూల గురించే. ఈ క్వార్టరుకి రాబోయే వాళ్లు ఎవరో తెలియదు, వాళ్లు కూడా భిలాయ్ వాళ్లేగా, వచ్చిన రోజే బకెట్టు పట్టుకుంటారు. వాళ్లకి నేను చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు. గుండుసూది కాయ, తుమ్మెద కాయ వేరువేరుగా గుర్తుండాలని పిన్నిగారు నా పువ్వు కాడకి ఎర్రదారం కట్టారు. ఎర్రదారం నాది. దారం లేనిది వాడిది. కాయ ముదరడానికి నెలలు పడుతుందట. ప్రతి నెలా కొలిచి విశాఖపట్నం రాయాలి. నేను అడగకముందే ఒక కాగితం మీద అక్కడి చిరునామా రాసి ఇచ్చారు.

ఉత్తరం ఉన్న గ్లాసు ఏ పెట్టెలో ఉందో ఆవిడకే తెలియదట. మళ్లీ రాస్తానన్నారు. ఈసారి ఖాళీ వదిలిన చోట ఖాళీగానే పంపుతానన్నారు, రేపు ఏమీ కనబడకపోతే.

రేపు లారీ తొమ్మిదింటికి. అంటే నాలుగున్నరకి లేస్తే, తెల్లవారే వేళ నుంచి మాకు నాలుగు గంటలు ఉంటాయి. పిన్నిగారు కూడా కూర్చుంటానన్నారు. నాలుగేళ్లలో ఆవిడ ఆరింటికి ముందు ఆ పెరట్లోకి ఎప్పుడూ వెళ్లలేదట. ఎవరు వస్తే వాళ్లని రాస్తాను. ఎవరూ రాకపోతే ఎవరూ రాలేదని రాస్తాను. కుర్చీలన్నీ కట్టేశారు, మా ఇంటి నుంచి పీటలు రెండు పట్టుకెళ్లాలి.